తీతువు అరవకూడదు

2023 ఏప్రిల్. ఆగిరిపల్లి దాటాక రోడ్డుకు ఎడమ చేతివైపు ముప్ఫై ఎకరాల మామిడి తోట. సగం బంగినపల్లి, సగం చిన్నరసాలు, గట్ల వెంబడి కలెక్టరు కాయ. ఆ ఏడాది తోటను గుత్తకు తీసుకున్నాయన పేరు సాంబయ్య. గుత్త అంటే, చెట్లు యజమానివే గానీ ఆ ఏటి కాపు గుత్తదారుది. పూత రాలకముందు నుంచి చివరి కాయ కోసేదాకా తోటలో ఆయన మాటే చెల్లుతుంది. వారానికొకసారి పొద్దున్నే నా మనుషుల్ని ఆ తోటలోకి తీసుకెళ్ళడానికి ఒప్పుకున్నదీ ఆయనే.

నా మనుషులంటే పిట్టల్ని చూడటానికి వచ్చేవాళ్ళు. నేను పదకొండేళ్ళు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. కాలేజీ మూసేశాక బర్డ్ వాక్‌లు నడపడం మొదలుపెట్టాను. ఎనిమిది మందిని వెంటబెట్టుకుని, ఎండ ముదరకముందే రెండు మూడు గంటలు తోటల్లో తిప్పి, కనిపించిన పిట్టకల్లా పేరూ ఊరూ చెప్పడం బర్డ్ వాక్. ఆదివారం నాకు చర్చి ఉంటుంది కాబట్టి శనివారం పెట్టుకున్నాను. "మీకేమండీ, పిట్టల్ని చూపించి బతికేస్తున్నారు" అంటారు మా వీధిలో వాళ్ళు. పిట్టలతో నాకెప్పుడూ పేచీ లేదు. మనుషులతోనే వచ్చింది నా చావు.

కొట్టొచ్చే రంగు బట్టలు వద్దని చెబుతాను. ఒకాయన ట్రాఫిక్ లైటు లాంటి టీషర్టు వేసుకుని దిగుతాడు. సెంటు వద్దంటాను. ఒకావిడ వచ్చేసరికి తోటలో మల్లెపందిరి నడిచి వచ్చినట్టుంటుంది. ఫోను సైలెంట్‌లో పెట్టమంటే, "పెట్టాను కదండీ" అని చెబుతుండగానే అది పాట అందుకుంటుంది. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది ప్లేబ్యాక్. అంటే ఫోనులో పిట్ట కూత వినిపించి, అసలు పిట్టను బయటికి రప్పించడం. పొదిగే కాలంలో ఆ పని చేస్తే, వేరే పిట్ట తన చోటులోకి వచ్చిందనుకుని అది గూడు వదిలేసి కొట్లాటకు వస్తుంది. వద్దు బాబూ అని ప్రతి వారం మొత్తుకుంటాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

మా వైపు ఇంకో చిక్కుంది. పిట్టలు గుడ్లు పెట్టే కాలమూ, మామిడి కోత కాలమూ ఒకటే. చెట్టు మీద కాయలు కోసే చిక్కం కర్రలు ఆడుతుంటాయి, కింద కాయలు ఏరేవాళ్ళు తిరుగుతుంటారు, వరసల మధ్య ట్రాక్టరు వస్తూ పోతూ ఉంటుంది. ఆ హడావుడి నడుమే కొమ్మకో గూడు.

ఆ శనివారానికి రెండు రోజుల ముందు, దారి చూసుకుందామని నేనొక్కదాన్నే వెళ్ళాను. రసాల వరసల చివర, బోరు దగ్గర, ట్రాక్టరు తిప్పుకునే ఖాళీ జాగా ఒకటుంది. అక్కడ కటిక నేల మీద, నాలుగు మట్టిబెడ్డల మధ్య, నాలుగు గుడ్లు. తీతువు గుడ్లు. కంటి ముందు ఎర్రటి లోలకుతో, పసుపు కాళ్ళతో ఉంటుందే, ఆ తీతువు. అది చెట్టెక్కదు, గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. మట్టి రంగులో మచ్చల గుడ్లు. అడుగు దూరంలో నిలబడినా కనపడవు. ఎండ ఎక్కువైతే నీటి దగ్గరికి పోయి పొట్ట తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. పుస్తకాల్లో చదివి పిల్లలకు చెప్పినదాన్ని కళ్ళారా చూసేసరికి నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇక నా తెలివి చూడండి. ఎవరైనా తొక్కుతారేమోనని, పిట్ట నీటికి పోయిన సందు చూసి, గుడ్ల చుట్టూ గుండ్రంగా రాళ్ళు పేర్చాను. ట్రాక్టరు తోలేవాడికి కనపడాలని పక్కన కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టాను. గొప్ప పని చేశాననుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళలో మూర్తిగారొకరు. విజయవాడలో ఉంటారు, బ్యాంకులో రిటైరయ్యారు, మోచెయ్యంత లెన్సు కొనుక్కున్నారు. పికిలి పిట్ట గూడు, వంగపండు పిట్ట, పైడికంటి జంట అన్నీ అయ్యాక, చివర్లో, ఎనిమిదిన్నర దాటాక, తీతువు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇరవై అడుగుల దూరంలోనే ఆగాలని చెప్పాను. చెప్పడం వరకే నా వంతు. మూర్తిగారు బోర్లా పడుకుని మోచేతుల మీద ముందుకు పాకడం మొదలుపెట్టారు.

"మూర్తిగారూ, ఆగండి! అది లేస్తుంది."

"ఐదంటే ఐదు నిమిషాలు మేడమ్. ఐ లెవెల్ ఫోటో కావాలంటే ఇదే పద్ధతి."

తీతువు లేవనే లేచింది. ఇలా పిట్టను బెదరగొట్టి లేపడాన్ని మా పనిలో ఫ్లష్ చేయడం అంటారు. ఎప్పుడు చేసినా తప్పే, గుడ్ల మీది పిట్టను చేస్తే పాపం. అది మా తలల మీద తిరుగుతూ ఒకటే అరుపు. జత పిట్ట కూడా వచ్చి కలిసింది. ఒకరి తర్వాత ఒకరు ఫోటోలు తీసుకుంటూ ఐదు నిమిషాలు నలభై అయ్యాయి. నేను గట్టిగా గదమాయించి ఉంటే లేచేవాళ్ళే. గదమాయించలేదు. నిజం చెప్పొద్దూ, ఇంత అపురూపమైనదాన్ని చూపించానని నాక్కూడా గర్వంగానే ఉంది.

అప్పుడొచ్చాడు సాంబయ్య, బండి స్టాండు కూడా వేయకుండా చెట్టుకు ఆనించి, చేతిలో ఫోనుతో. ఎప్పుడు వెళ్ళినా "కాయ తినండి టీచరుగారూ" అనే మనిషి, ముఖం కందగడ్డలా ఉంది.

"ఏంటండీ ఈ గోల? ఆ అరిచేదేంటో తెలుసా మీకు?"

"తీతువండి. గుడ్లు పెట్టింది. చూస్తారా?" అన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

సాంబయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు. కూతురు శిరీషకు తొలికాన్పు. బీపీ పెరిగిందని రెండు రోజుల కిందట నూజివీడులో హాస్పిటల్లో చేర్చారు. పది పన్నెండు రోజులు కళ్ళెదుట పెట్టుకుని చూడాలన్నారు డాక్టరుగారు. ఇప్పుడే భార్యతో ఫోనులో మాట్లాడుతుంటే, ఈ అరుపు ఫోనులోంచి అక్కడి దాకా వినిపించింది. 'అది తీతువు కదా' అని ఆవిడ హాస్పిటల్ వరండాలో కూలబడి ఏడుస్తోందట.

తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మా వైపు పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

"రేపు పొద్దున్నే ట్రాక్టరు ఇక్కడే తిప్పిస్తాను. పీడా పోతుంది" అన్నాడు సాంబయ్య.

నేను మొదలుపెట్టాను. అది శకునం కాదని, గుడ్లను కాచుకోవడానికి పెట్టే అలారమ్ కాల్ అని, అంటే జతకు చేసే హెచ్చరిక అని, పిట్టకు మన కాన్పులూ చావులూ తెలియవని, పదకొండేళ్ళ పాఠం ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆయన వినడం లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. వన్యప్రాణి చట్టం ప్రకారం గుడ్లు తొక్కించడం నేరమని కూడా అన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు.

"చట్టమా? నా బిడ్డ అక్కడ మంచం మీదుంటే నాకు చట్టం చెబుతారా మీరు?"

సిగ్గుతో తల దించుకున్నాను. మా అమ్మ సంగతి నాకు తెలియదా? చర్చిలో ముందు బెంచీ మనిషి, బైబిలు సగం కంఠతా వచ్చు. అయినా తీతువు ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే చాలు, "ప్రభువా, ఎవరింటి మీదికో" అని గుండెల మీద చెయ్యి వేసుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా మా అమ్మకే నచ్చచెప్పలేనిదాన్ని సాంబయ్యకు ఏం చెబుతాను!

పక్క చెట్టు కింద ఆడవాళ్ళు కాయల సొన తుడిచి ట్రేల్లో పేరుస్తున్నారు. బాపులపాడు వైపు నుంచి కోతలకు వచ్చిన ముఠా. వాళ్ళ పెద్ద నాగమణి, యాభై ఏళ్ళ మనిషి, చేతిలో గుడ్డ కింద పెట్టకుండానే లేచి వచ్చింది.

"సాంబయ్యగారూ, కోప్పడకుండా నా మాట ఇనండి. అది గుడ్లు పెట్టి వారం దాటింది. మేం రోజుకు ఏబై సార్లు దాని పక్కనుంచే పోతన్నాం, వత్తన్నాం. ఏనాడన్నా అరిచిందా?"

సాంబయ్య ఆలోచించాడు. "లేదు."

"ఇయ్యాలే అరిచింది. ఎందుకంటారు? ఇంతమంది చుట్టూ చేరి దాని మొహంలోకే చూత్తా కూచుంటే అరవదా? మిమ్మల్ని అట్టా చూత్తే మీరు ఊరుకుంటారా?"

అని నా వైపు తిరిగింది. "ఆ రాళ్ళేంటండీ, ఆ ఎర్ర గుడ్డేంటి? కాకులకు దారి చూపెడతన్నారా?"

కాకి తెలివైనది, కొత్త వస్తువు కనపడితే వచ్చి చూస్తుందని నేనే పిల్లలకు చెప్పాను.

నాగమణి చెప్పుకుంటూ పోయింది. తీతువు పక్కనుంచి పోయేటప్పుడు ఆగకూడదట. దాని వంక చూడకూడదట. మాటలు ఆపకూడదట, గొంతు తగ్గించకూడదట. "గేదె పోయినట్టు పోవాలండి. గేదె దాన్ని చూత్తదా? చూడదు. అందుకే అది గేదెకి లేవదు." కాయల రాశి పోసే చోటు కూడా వారం కిందటే వాళ్ళంతట వాళ్ళే ఇవతలి చెట్టు కిందికి మార్చారట. ఈ చెట్టు నీడ బాగుందని మార్చారనుకున్నాడట సాంబయ్య.

"మరి నాతో చెప్పలేదేం?" అన్నాడాయన.

"చెబితే మీరొచ్చి చూత్తారు కదండీ" అంది నాగమణి.

సాంబయ్య చాలాసేపు ఆ ఖాళీ జాగా వైపు చూశాడు. మేము వెనక్కి జరిగి మాటల్లో పడ్డాం కదా, తీతువు దిగి, నాలుగడుగులు నడిచి, ఆగి, మళ్ళీ నడిచి గుడ్ల మీద కూర్చుంది. అరుపు ఆగింది.

"సరే. శిరీష కాన్పయ్యేదాకా ఆ పిట్ట నోరు వినపడకూడదు. ఒక్కసారి అరిచినా ట్రాక్టరే. తర్వాత నన్నేం అనొద్దు."

"అరవదండి" అన్నాను, అదేదో నేను పెంచిన కోడైనట్టు. రాళ్ళూ కర్రా తీసేసే పని నాగమణే పెట్టుకుంది, గేదె నడకతోనే.

పని అక్కడితో అయిపోయిందనుకుంటే నా అమాయకత్వం. రోడ్డు మీద టీ తాగుతుండగా ఫోను చూశాను. మూర్తిగారు మా వాట్సాప్ గ్రూపులో అప్పటికే ఫోటో పెట్టేశారు. కింద లొకేషన్. 'అద్భుతమైన చోటు, మిస్ కావద్దు' అని ఒక వాక్యం. ఆ గ్రూపు పెట్టిందెవరు? నేను. అందర్నీ చేర్చిందెవరు? నేను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. దయచేసి ఎవరూ ఆ తోటకు వెళ్ళవద్దని రాశాను. బొటనవేళ్ళ బొమ్మలు ఓ పాతిక వచ్చాయి. ఏలూరు నుంచి ఎవరో 'సోమవారం ఎన్ని గంటలకు మేడమ్?' అని అడిగారు.

సోమవారం నుంచి రోజూ పొద్దున ఐదున్నరకల్లా స్కూటరు వేసుకుని తోట గేటు దగ్గర నిలబడ్డాను. పిట్టల్ని చూపించడం నా వృత్తి. తొమ్మిదింటి దాకా అక్కడ నేను చేసిన పని, వచ్చినవాళ్ళెవరూ పిట్టను చూడకుండా వెనక్కి పంపడం. ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. అంత దూరం నుంచి కారులో వచ్చామంటారు. పిల్లలకు చూపించాలంటారు. ఒకతను ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "మేం పక్షి ప్రేమికులమండీ" అన్నాడు.

"అంత ప్రేముంటే ఇంటికెళ్ళండి" అన్నాను. వాళ్ళావిడ నవ్వింది గానీ అతను నవ్వలేదు.

గురువారం మూర్తిగారే వచ్చారు. రెక్కలు విప్పిన ఫోటో మిగిలిపోయిందట. కుదరదన్నాను. సరేనని కారు ముందుకు పోనిచ్చారు. నేను గెలిచాననుకుని మంచినీళ్ళ సీసా మూత తీశానో లేదో, కంచె అవతల రోడ్డు మీంచి తీతువు కూత వినిపించింది. ఒకటే తీరుగా, ఒకటే కొలతగా. ప్లేబ్యాక్! పరుగెత్తాను. నేను అందుకునేలోపే తోటలోంచి అసలు తీతువు రెండుసార్లు బదులు అరిచింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"మేడమ్, ఇదేం మర్యాద? నేను తోటలోకి రాలేదు. రోడ్డు అందరిదీ" అన్నారు మూర్తిగారు.

అప్పుడు చెప్పాను. సాంబయ్య సంగతి, శిరీష సంగతి, ట్రాక్టరు సంగతి, రోడ్డు మీదే నిలబడి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఇంతుందని నాకెవరూ చెప్పలేదే."

నిజమే, చెప్పలేదు. శనివారం సాంబయ్య గోడు చెప్పుకుంటుంటే ఈయన దూరంగా ఇంకో చెట్టు కింద కూర్చుని కెమెరాలో ఫోటోలు వెనక్కి తిప్పి చూసుకుంటున్నారు. నేనేమో తర్వాత కూడా వద్దు, కూడదు, తప్పు అన్నానే తప్ప ఎందుకో చెప్పలేదు. ఇంటర్ పిల్లల మీద అరిచి అరిచి నాకది అలవాటైపోయింది. మూర్తిగారు అక్కడే నిలబడి గ్రూపులో పెట్టింది తీసేశారు. మర్నాడు కెమెరా లేకుండా వచ్చి, బోరు వైపు దారి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్ళకు నాకంటే పొడుగు ఉపన్యాసాలిచ్చారు. ఆయన గొంతుకే పిట్ట లేస్తుందేమోనని నాకు ఇంకో బెంగ పట్టుకుంది.

ఫోను లాక్కున్న ఆ గురువారమే, మధ్యాహ్నం సాంబయ్య హాస్పిటల్ నుంచి నేరుగా తోటకొచ్చాడు. కోసేవాళ్ళలో ఎవరో చెప్పినట్టున్నారు.

"పొద్దున అరిచిందటగా?"

నేను నోరు తెరిచేలోపే నాగమణి అందుకుంది. "అరిచింది ఫోనండి."

"ఫోనేంటి?"

"ఆ కళ్ళద్దాలాయన ఫోను. కావాలంటే టీచరుగారిని అడగండి."

సాంబయ్య నా వైపు చూశాడు. నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి, గడ్డం మాసింది. ప్రతి ఆదివారం పది ఆజ్ఞలు వల్లించే నోరు నాది.

"ఫోను అరిచిన మాట నిజమేనండి" అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. నాగమణి ఏమీ ఎరగనట్టు సొన తుడుచుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత పిట్ట నోరెత్తలేదు. వారం గడిచింది. ఒక పొద్దున నేను గేటు దగ్గర ఉండగా సాంబయ్య బండి వచ్చి ఆగింది. దిగకుండానే అన్నాడు.

"ఆడపిల్ల టీచరుగారూ. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎంత భయపడ్డానో అప్పటిదాకా నాకే తెలియలేదు. కాస్త తేరుకున్నాక, ఇదే అదను కదా, చూశారా సాంబయ్యగారూ, శకునం లేదూ గికునం లేదూ అందామని నోరు తెరిచాను.

"చూశారా, పిట్ట అరవలేదు. అందుకే!" అన్నాడు సాంబయ్య.

తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. ఇన్నాళ్ళు కాపలా కాసి నేను నిరూపించింది ఇదన్నమాట! తల గేటుకేసి కొట్టుకోవాలనిపించింది. ఆయన అక్కడితో ఊరుకోలేదు.

"బాలింత ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అరవకూడదు. ఇరవై ఒకటో రోజు బారసాల. అప్పటిదాకా తోటలోకి ఎవర్నీ రానివ్వను. ఆ జాగాలోకి ట్రాక్టరు కూడా పోనివ్వను. ఏమీ అనుకోకండి, మిమ్మల్ని కూడా."

అలా, నేను కాపాడిన గుడ్లు పిల్లలవడం నేను చూడలేదు. పది రోజుల తర్వాత నాగమణి ఫోను చేసింది.

"పిల్లలొచ్చేశాయండి. పొద్దున నేల మీద ఉన్నాయి, మాపటికి వాళ్ళమ్మ ఎనకాల గట్టు దాటి ఎల్లిపోయాయి."

"నాలుగూనా?"

"మూడండి. ఒకటి పిల్ల కాలేదు. మురిగిపోయింది."

"ఒకటి ఎప్పుడన్నా పోద్దిలెండి" అంది మళ్ళీ తనే, నా కోసమే అని తెలుస్తూనే ఉంది. అది మొదటి నుంచీ మురుగు గుడ్డే కావచ్చు. అలాంటివి ఉంటాయని నాకు తెలుసు. ఏప్రిల్ నెలలో, పొద్దున ఎనిమిదిన్నర దాటాక, నలభై నిమిషాల పాటు తల్లి మీద లేని గుడ్డు ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

ఇప్పుడు నా వాక్‌లలో మార్చి నుంచి ఆగస్టు దాకా గూడు దగ్గర ఆగడం లేదు. ఎందుకు ఆగమో మొదటి ఐదు నిమిషాల్లోనే చెబుతాను, నాలుగో గుడ్డు సంగతితో సహా. మాట్లాడుకుంటూ, ముందుకు చూసుకుంటూ, గేదె పోయినట్టు పోతాం. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. నాకు జువాలజీలో డిగ్రీ ఉంది, ఖరీదైన బైనాక్యులర్స్ ఉన్నాయి. ఇంతవరకు తోటల్లో నేను నేర్చుకున్న అసలు పాఠం మాత్రం, చూడకుండా నడవడం.

సాంబయ్య ఇప్పటికీ ఆ తోట గుత్తకు తీసుకుంటూనే ఉన్నాడు. తీతువూ అదే జాగాకు వస్తోంది. మొన్న ఏప్రిల్‌లో ఆయనే ఫోను చేశాడు.

"టీచరుగారూ, పిట్ట గుడ్లు పెట్టిందండి. మీరు రాకండి."

"సరేనండి. అరుస్తోందా?" అని అడిగాను.

"మీరింకా రాలేదుగా, ఎందుకరుస్తుంది?" అన్నాడు.